మూడు వందల పన్నెండు మంది బిడ్డల తండ్రి

క్లిఫ్ ఎంట్విసిల్‌కి అరవై ఏడో ఏట, ఒకే ఒక్క మధ్యాహ్నం మూడు వందల పన్నెండు మంది పిల్లలు పుట్టారు. నేను అక్కడే ఉన్నాను. టీ ఫ్లాస్కులు సర్దుతూ, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ ఉన్నాను. మా కాల్డర్విక్ ఊరి కౌన్సిల్లో కమిటీ గుమాస్తాగా నాకది ఇరవై ఆరో సంవత్సరం. కొత్తగా గెలిచిన కౌన్సిలర్లకి మా దగ్గర మే నెలలో రెండు రోజుల శిక్షణ ఉంటుంది. రెండో రోజు భోజనాలయ్యాక, అందరికీ కునుకు పట్టే వేళ చూసి పిల్లల శాఖ నుంచి ఒకావిడ వస్తుంది. తెర మీద బొమ్మ వేసి చెబుతుంది.

"సొంత ఇళ్ళలో ఉండే వీల్లేక కౌన్సిల్ సంరక్షణలోకి వచ్చిన పిల్లలు మన ఊళ్ళో మూడు వందల పన్నెండు మంది. చట్టం ప్రకారం ఈ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ వాళ్ళకి ఉమ్మడి తల్లిదండ్రులు. ఏ నిర్ణయం తీసుకున్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. నా సొంత బిడ్డకైతే ఇది సరిపోతుందా అని."

పిల్లల లెక్క మారుతుందే గానీ ఏటా అదే బొమ్మ, అదే మాట. ఏటా అందరూ బరువుగా తలలూపి బిస్కెట్ల పళ్ళెం వైపు చెయ్యి చాస్తారు. ఇన్నేళ్ళలో ఒక్కరూ ప్రశ్న అడగలేదు. క్లిఫ్ చెయ్యెత్తాడు.

"వాళ్ళ పేర్లేంటమ్మా?"

"ఎవరివండీ?"

"పిల్లలవి. అదే, మా పిల్లలవి."

ఆవిడ నవ్వి, పేర్లు గోప్యమండీ, చెప్పకూడదు అంది.

"పేరు కూడా తెలీకుండా తండ్రినెలా అవుతానమ్మా?"

"మీరు అలాంటి తండ్రి కాదండీ."

"మరి ఎలాంటి తండ్రిని?"

ఆవిడ తెర వైపు చూసింది. తెర మీద ఒక పెద్ద చెయ్యి, దాన్ని పట్టుకున్న ఒక చిన్న చెయ్యి ఉన్నాయి. ఆవిడ తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయింది. క్లిఫ్ మాత్రం చెయ్యి దించడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడు.

ఈ మనిషి సంగతి కొంచెం చెప్పాలి. క్లిఫ్ ముప్పై ఒక్కేళ్ళు తొమ్మిదో నంబరు బస్సు నడిపాడు. బస్ స్టేషన్ నుంచి పాత నూలు మిల్లుల మీదుగా కొండ మీది ఇళ్ళదాకా, మళ్ళీ వెనక్కి. రిటైరైన రెండేళ్ళకి కౌన్సిల్ ఆ బస్సుకి సాయంత్రం ట్రిప్పులు ఆపేస్తానంది. కొండ మీది ముసలమ్మలు గోల పెట్టారు. ఎవరో ఒకరు నిలబడాలి కదా అని ఈయన నిలబడ్డాడు. నలభై నాలుగు ఓట్లతో గెలిచాడు. ఆ బస్సు గురించి తప్ప ఆయన ప్రచారంలో ఇంకో ముక్క మాట్లాడిన పాపాన పోలేదు. అలాంటి మనిషిని, ఖాళీ ఉందని, పిల్లల కమిటీలో వేశారు. మా టౌన్ హాల్లో పనులు అలాగే జరుగుతాయి.

అర్థం కానిది అర్థమైనట్టు తలాడించడం మా దగ్గర మర్యాద. క్లిఫ్‌కి ఆ మర్యాద తెలీదు. అందుకే ప్రతి మంగళవారం నా గదికి వచ్చేవాడు. నీలం కోటు, మెడలో కౌన్సిల్ బ్యాడ్జి, చేతిలో కాగితం సంచీలో ఉల్లిపాయా చీజూ పెట్టి కాల్చిన పై అనే రొట్టె. అది సగం విరిచి నా బల్ల మీద పెట్టి మొదలుపెట్టేవాడు.

"లినెట్ తల్లీ, ఒక డౌటు. పేర్లు సరే, చెప్పొద్దు. కనీసం పుట్టినరోజులైనా చెబుతారా? కార్డులు పంపుదామని."

"చెప్పరు క్లిఫ్ గారూ."

"పోనీ ఎంతమందికి చలికోట్లు లేవో?"

"అది రిపోర్టులో రాదండీ. శాతాలు వస్తాయి."

"శాతానికి కోటు తొడగలేం కదా."

ఇంకోసారి వచ్చినప్పుడు ఆయన మొహం మరీ అయోమయంగా ఉంది. ఆ పిల్లలందరి చదువూ చూడటానికి కౌన్సిల్ ఒక హెడ్మిస్ట్రెస్‌ని పెట్టిందని ఎవరో చెప్పారట. ఆవిడ బడి చూద్దామని పొద్దున్నే బయల్దేరి టౌన్ హాల్ మూడో అంతస్తులో తేలాడు. అక్కడ ఒక కంప్యూటరు, ఒక మొక్క, ఆవిడ ఉన్నారు. బడి లేదు. పిల్లలు వేరే వేరే బళ్ళలో ఉంటారు, ఆవిడ కాగితాల మీద అందరికీ హెడ్మిస్ట్రెస్.

"బడి లేని పంతులమ్మ, ఇల్లు లేని తండ్రి. మేమిద్దరం కలిసి పెంచుతున్నామన్న మాట" అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. నిజంగానే బుర్ర గోక్కుంటున్నాడు.

నాకు మొదట్లో ఆయన్ని చూస్తే చికాకు. ఎన్ని మంగళవారాలు నా పని పాడు చేశాడో! తర్వాత తర్వాత ఆ చికాకు ఆయన మీద కాదని తెలిసింది. ఆయన అడిగే ప్రశ్నలు నేను ఇరవై ఆరేళ్ళ కింద, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో అడగాల్సినవి.

నవంబరులో కమిటీ కూర్చుంది. ఏడాదికి రెండుసార్లు సంరక్షణలో ఉన్న పిల్లల తరఫున ఇద్దరు ముగ్గురు వచ్చి మాట్లాడతారు. వాళ్ళు వస్తారని నేను సాసేజ్ రోల్స్ తెప్పిస్తాను. ఈసారి ఒక్క అమ్మాయే వచ్చింది. పేరు టీగన్. పదిహేనేళ్ళుంటాయి. జుట్టు సగం నలుపు, సగం ఎరుపు. బడి కోటు చేతులు పొట్టి అయిపోయి మణికట్టు పైకి వచ్చేశాయి. రాసిచ్చిన కాగితం చదవమంటే దాన్ని మడిచి జేబులో పెట్టుకుని బల్ల చుట్టూ ఉన్న పదకొండు మందినీ వరసగా చూసింది.

"మీరంతా మా అమ్మానాన్నలని మా సోషల్ వర్కర్ చెప్పింది. నిజమేనా?"

అధ్యక్షురాలు మిసెస్ హారప్ గొంతు సవరించుకుని, చట్టపరంగా అంతేనమ్మా అంది.

"అయితే నాన్న ఎవరు?"

పది మంది తమ ముందున్న కాగితాల్లోకి చూశారు. అందులో ఏమీ రాసి లేదని నాకు తెలుసు. ఆ కాగితాలు టైపు చేసింది నేనే.

"నేనే" అన్నాడు క్లిఫ్. "అంటే వీళ్ళందరూ కూడాననుకో. నాక్కూడా సరిగ్గా అర్థం కాలేదమ్మా."

"సరే నాన్నగారూ" అంది టీగన్, వెక్కిరింపుగా. "ఎల్లుండి గురువారం మా బళ్ళో పేరెంట్స్ మీటింగు. అందరూ వచ్చేస్తారా మరి? కుర్చీలు సరిపోవేమో."

ఎవరో కొంచెం నవ్వారు. క్లిఫ్ జేబులోంచి డైరీ తీశాడు.

"నిన్ను చూసుకునే ఆవిడ రాదా?"

కౌన్సిల్ ఈ పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంట్లో పెడుతుంది. ఆ ఇంటావిడ ఫోస్టర్ తల్లి. టీగన్ మూడేళ్ళుగా మొయిరా అనే ఆవిడ దగ్గర ఉంటోంది.

"మొయిరాకి తుంటి ఆపరేషన్. ఆస్పత్రిలో ఉంది. నన్ను మూడు వారాలకని వేరే వాళ్ళింట్లో పెట్టారు. వాళ్ళకి చంటిపిల్లలు, ఆవిడ రానంది. పోయినేడు మొయిరాకి ఫ్లూ వచ్చింది, అప్పుడూ నేనొక్కదాన్నే వెళ్ళా. టీచర్లు ముందు నన్ను చూస్తారు. తర్వాత నా వెనక చూస్తారు. వెనక ఎవరూ లేకపోతే వాళ్ళకేం మాట్లాడాలో తెలీదు. అంతా బాగుంది, వెళ్ళు అంటారు. నాకు అంతా బాగాలేదని నాకు తెలుసు కదా."

మిసెస్ హారప్ చాలా థాంక్స్ అమ్మా, ధైర్యంగా చెప్పావు, అధికారులు ఈ విషయం చూస్తారు అంది. కమిటీ మాటలన్నీ రాసే మినిట్స్‌లో నేను అదే రాశాను. అధికారులు చూస్తారు. ఈ మాట నేను ఎన్ని వందల సార్లు రాశానో!

మర్నాడు పొద్దున్నే, మంగళవారం కాకపోయినా, క్లిఫ్ వచ్చాడు. కాగితం సంచీ తేలేదు. "ఎవరు చూస్తున్నారు తల్లీ?" అని అడిగాడు. ఫోను తీశాను. టీగన్ ఇప్పుడుంటున్న ఇంటావిడ, అది సోషల్ వర్కర్ పని అంది. సోషల్ వర్కర్ పోయిన శుక్రవారమే ఉద్యోగం మానేసిందట. కొత్తావిడ వచ్చే సోమవారం చేరుతుంది. మీటింగేమో రేపే, గురువారం. ఈలోగా చూసే డెస్కు వాళ్ళు, బళ్ళో ఆ పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక టీచరుంటారు, ఆయన చూసుకుంటాడు అన్నారు. ఆ టీచరు, కౌన్సిల్ హెడ్మిస్ట్రెస్ వస్తుందనుకుంటున్నానే అన్నాడు. మూడో అంతస్తు హెడ్మిస్ట్రెస్, అలాంటి వాటికి ఇంటావిడే వెళ్తుంది కదా, ఎప్పుడూ అంతే కదా అంది. గంటన్నర పట్టింది. బయల్దేరిన గుమ్మం దగ్గరికే వచ్చి ఆగాను.

"అంటే ఎవరూ వెళ్ళట్లేదు" అన్నాడు క్లిఫ్.

"ఎవరో ఒకరు వెళ్తున్నారనే అందరూ అనుకుంటున్నారండీ."

"నేను వెళ్ళొచ్చా?"

మా కౌన్సిల్ నియమావళి మూడు వందల ఎనభై పేజీలు. మునిసిపల్ తోటల్లో గాలిపటాలు ఎగరేయడం దాకా అన్నీ ఉన్నాయి అందులో. కౌన్సిలరు పేరెంట్స్ మీటింగుకి వెళ్ళొచ్చని ఎక్కడా లేదు. వెళ్ళకూడదనీ లేదు. అదే చెప్పాను. ఆ పక్క గదిలోనే కౌన్సిల్ న్యాయ వ్యవహారాలు చూసే ప్రెస్కాట్ ఉంటాడు. లేచి నాలుగడుగులు వేసి ఆయన్ని అడగాల్సింది. అడగలేదు. పని ఎక్కువై మరిచిపోయానని తర్వాత సంజాయిషీలో రాశాను. అది అబద్ధం. అయిదు ఫోన్లు చేసిన కోపంలో ఉన్నాను. ప్రెస్కాట్ వద్దంటాడని తెలుసు, ఆ వద్దు వినబుద్ధి కాలేదు.

క్లిఫ్‌కి ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ నలభై దాటాయి. కానీ ఆయన జీవితంలో ఒక్క పేరెంట్స్ మీటింగు చూడలేదు. సాయంత్రం షిఫ్టులన్నీ ఆయనవే. ఎప్పుడూ భార్య డోరీన్ వెళ్ళేది. బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఆవిడని కూర్చోబెట్టి, అక్కడ ఏం చెయ్యాలి, ఏం అడగాలి అని కాగితం మీద రాసుకున్నాడట. డోరీనే నాకు చెప్పింది.

"ఏవయ్యా, నీ సొంత పిల్లలప్పుడు ఒక్క ముక్క అడగలేదే అన్నాను. అప్పుడు నువ్వున్నావు కదే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది లినెట్. కానీ కోటు ఇస్త్రీ చేసిచ్చాను."

గురువారం ఏం జరిగిందో నాకు ఇద్దరు చెప్పారు. ఒకరు క్లిఫ్. ఇంకొకరు ఆ బడి రిసెప్షన్లో కూర్చునే బెవర్లీ. ఆవిడ మా ఆడపడుచు. ఇద్దరి మాటా కలుపుకుని చెబుతున్నాను.

సాయంత్రం అయిదున్నరకి మీటింగు. అయిదూ ఇరవైకే క్లిఫ్ వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు రాయాల్సిన పుస్తకంలో నాలుగు గళ్ళుంటాయి. పేరు, టైము, కారు నంబరు, విద్యార్థికి ఏమవుతారు. కారు నంబరు గడిలో "బస్సు" అని రాశాడు. నాలుగో గడి దగ్గర చాలాసేపు ఆగాడట. వెనక లైను పెరుగుతోంది. కౌన్సిలరు అని రాద్దామనుకున్నాడు. అది వాళ్ళు అడిగిన దానికి జవాబు కాదు కదా అనిపించింది. చుట్టం కాదు, పొరుగువాడు కాదు, స్నేహితుడు కాదు. మేలో తెర మీద ఏం చెప్పారో అది గుర్తు చేసుకుని, నిజమే రాశాననుకుని, "తండ్రి" అని రాశాడు.

బెవర్లీ టీగన్ పేరు కంప్యూటర్లో కొట్టింది. తెర మీద ఎర్రగా ఒక పెట్టె వచ్చింది. ఆ పిల్ల కన్నతండ్రి బడి దరిదాపుల్లోకి రాకూడదని కోర్టు ఆర్డరుంది. వస్తే ఏం చెయ్యాలో ఆ పెట్టెలో వరసగా రాసి ఉంది. ఈ సంగతి క్లిఫ్‌కి తెలీదు. నాకూ తెలీదు. కౌన్సిలర్లకి ఆ పిల్లల ఫైళ్ళు చూపించరు, గుమాస్తాలకి అసలే చూపించరు.

బెవర్లీ బల్ల కింద మీట నొక్కింది. హాలు తలుపులు మూసుకున్నాయి. వైస్ ప్రిన్సిపాల్ పరుగున వచ్చాడు. లోపల వరసలో నిలబడ్డ టీగన్‌ని ఒక టీచరమ్మ చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్ళి, మీ నాన్న వచ్చాడమ్మా, భయపడకు, మేమున్నాం అంది.

క్లిఫ్ బ్యాడ్జి చూపించాడు. కార్పొరేట్ పేరెంట్ అన్నాడు, ఉమ్మడి తండ్రి అన్నాడు, మూడు వందల పన్నెండు అన్నాడు. ఎంత చెబితే అంత పిచ్చివాడిలా కనబడ్డాడని బెవర్లీ అంది. ఆయన కన్నతండ్రి కాడని వైస్ ప్రిన్సిపాల్‌కి అయిదు నిమిషాల్లో తెలిసిపోయింది.

"మీరెవరైనా సరే సార్, లోపలికి పంపలేను. ఆ పిల్ల కాగితాల్లో మీ పేరు లేదు. దయచేసి వెళ్ళిపోండి."

క్లిఫ్ వాదించలేదు. బయటికెళ్ళాడు. కానీ ఇంటికెళ్ళలేదు. వాన పడుతోంది. గేటు దాటి, రోడ్డు పక్క కమ్మీల దగ్గర గంటన్నర నిలబడ్డాడు.

"ఎందుకు నిలబడ్డారండీ అక్కడ?" అని తర్వాత అడిగాను.

"ఎటు పోవాలో తెలీలేదు తల్లీ. లోపలికి రానివ్వరు. ఇంటికెళ్తే రానట్టే అవుతుంది. అందుకని అక్కడుండిపోయా."

సోమవారం ప్రెస్కాట్ గదిలో పంచాయితీ. నన్నూ పిలిచారు. ప్రెస్కాట్ చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు. నియమావళి మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడతాడు.

"కౌన్సిలర్ గారూ, ఉమ్మడి బాధ్యత అంటే అందరూ కలిసి మోసేది. ఏ ఒక్కరూ ఒక్కరుగా వెళ్ళి మోసేది కాదు."

"అందరూ కలిసి వెళ్తున్నారా అయితే?"

"ఎవరూ వెళ్ళరు. వ్యవస్థ వెళ్తుంది."

"వ్యవస్థ ఆ రోజు రాలేదు బాబూ. నేను గేటు దగ్గరే ఉన్నా, చూశా."

అప్పుడు ప్రెస్కాట్ కోర్టు ఆర్డరు సంగతి చెప్పాడు. వివరాలు చెప్పలేదు, చెప్పకూడదు. ఎవరు వచ్చారని ఆ పిల్లకి చెప్పారో అది మాత్రం చెప్పాడు. క్లిఫ్ మొహంలో రక్తం ఇంకిపోవడం నేను కళ్ళారా చూశాను. అప్పటిదాకా ఆయనకి అర్థం కాని వాటిలో ఒక అమాయకత్వం ఉండేది. ఆ క్షణంలో అది పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఇంకా ఏడుపొచ్చింది.

"భయపడిందా?" అని అడిగాడు.

"భయపడి ఉంటుంది కదండీ."

"ఎంతసేపు?"

ప్రెస్కాట్ నియమావళి మీంచి చెయ్యి తీసేశాడు. క్లిఫ్ పెన్ను తీశాడు. ఎక్కడ సంతకం పెట్టాలి అన్నాడు.

టీగన్‌కి క్షమాపణ ఉత్తరం రాయాలని తేల్చారు. తండ్రిగా తనే రాసి పోస్టు చేస్తానన్నాడు క్లిఫ్. కుదరదు, ముందు న్యాయ శాఖ చూడాలి, తర్వాత పిల్లల శాఖ చూడాలి, తర్వాత కొత్త సోషల్ వర్కర్ చేతికిచ్చి పంపాలి. క్లిఫ్ ఒక పేజీ నిండా రాసి తెచ్చాడు. నేనే టైపు చేశాను. "నువ్వు ఎలా చదువుతున్నావో తెలుసుకుందామని వచ్చాను" అని ఒక వాక్యం ఉంది. వ్యక్తిగత సమాచారం అడుగుతున్నట్టుంది అని న్యాయ శాఖ కొట్టేసింది. "నిన్ను భయపెట్టినందుకు రోజూ బాధపడుతున్నాను" అన్నది పిల్లల శాఖ కొట్టేసింది, అది పిల్ల మీద భారం వేస్తుందట. ఆఖరికి ఒక్క వాక్యం మిగిలింది: పద్నాలుగో తేదీ సాయంత్రం మీ బడికి వచ్చినందుకు మన్నించగలరు. కింద క్లిఫ్ సంతకం. పదిహేనేళ్ళ పిల్లకి గౌరవ వాచకంలో రాసింది ఎవరో నాకు తెలీదు, మూడు చేతులు మారింది కదా. నాకూ ఒక మెమో ఇచ్చారు. దాచుకున్నాను.

డిసెంబరు అంతా క్లిఫ్ నా గదికి రాలేదు. మంగళవారాలు పని బాగా సాగింది. సాగినందుకు నా మీద నాకే విసుగు పుట్టింది. ఒకరోజు మెట్ల మీద ఎదురైతే, జనవరి మీటింగుకి వచ్చి కమిటీ మానేస్తున్నానని చెప్పేస్తానన్నాడు.

"బస్సు సంగతైతే నాకు తెలుసు తల్లీ. ఎక్కేవాళ్ళు కనబడతారు, దిగేవాళ్ళు కనబడతారు. ఇది నాకు తెలీదు. తెలీకుండా ఒక ఆడపిల్లని ఏడిపించా."

"ఏడ్చిందని ఎవరన్నారు?"

"ఏడవలేదని ఎవరన్నారు?" అని కిందికి దిగిపోయాడు.

జనవరి కమిటీకి పిల్లల వంతు కాదు. అయినా టీగన్ వచ్చింది. వాచ్‌మన్ ఆపితే, మా అమ్మానాన్నలు లోపలున్నారని చెప్పిందట. మిసెస్ హారప్ తెల్లబోయి చూసింది. మూలన కూర్చున్న ప్రెస్కాట్ లేవబోయాడు. టీగన్ జేబులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. క్లిఫ్ తలెత్తలేదు.

"దీని గురించి ఒక మాట చెప్పి పోతా" అంది. "ఆ రోజు మీ నాన్న వచ్చాడన్నారు. పది నిమిషాలు బల్ల కింద కూర్చున్నా. అది నిజమే. అది బాగాలేదు. తర్వాత కిటికీలోంచి చూస్తే ఈయన. వానలో. నెత్తి మీద టోపీ కూడా లేదు. టీచర్లతో మాట్లాడుతూనే మీటింగు అయిపోయేదాకా చూస్తానే ఉన్నా, పోలేదు."

ప్రెస్కాట్ సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు.

"నా దగ్గర ఒక బూట్ల డబ్బా ఉంది. అందులో ఇరవై మూడు ఉత్తరాలున్నాయి. మా అమ్మవి, పాత సోషల్ వర్కర్లవి, కౌన్సిల్‌వి. రాలేకపోయాను సారీ, పుట్టినరోజుకి రాలేకపోయాం సారీ, వీలు కుదర్లేదు సారీ. అన్నీ అవే. వచ్చినందుకు సారీ అని నాకు ఇదొక్కటే వచ్చింది." ఉత్తరాన్ని వేలితో క్లిఫ్ వైపు నెట్టింది. "ఇది నాకొద్దు. దాంట్లో పెట్టను."

క్లిఫ్ ఆ ఉత్తరం తీసుకుని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. మానేస్తున్నానని చెబుతాడని ఎదురుచూశాను.

"మరి లెక్కల టీచరు ఏమన్నారమ్మా?" అన్నాడు.

ప్రెస్కాట్ చెయ్యెత్తాడు. అది వ్యక్తిగత సమాచారం, ఈ గదిలో అడగకూడదు, నాకూ తెలుసు. ఆయన చెయ్యి దించి కూర్చున్నాడు. నేను పెన్ను కింద పెట్టేశాను. ఆ తర్వాతి మాటలు మినిట్స్‌లో లేవు.

"వెనకబడ్డానట" అంది టీగన్. "ఫోను చూడటం తగ్గించి రోజూ గంట కూర్చుంటే వస్తుందట."

"అయితే కూర్చో మరి" అన్నాడు క్లిఫ్.